హెచ్‌ఐవీ తొలి దెబ్బ పేగు గోడకే

హెచ్‌ఐవీ సోకిందో లేదో రక్తం చూసి చెబుతారు. రోగనిరోధక శక్తి ఎంత మిగిలిందో రక్తంలోని సీడీ4 కణాల లెక్క చూసి చెబుతారు. మందులు పనిచేస్తున్నాయో లేదో తెలిసేదీ రక్తంలోని వైరల్ లోడ్‌తోనే. దాంతో ఈ వైరస్ చేసే నష్టమంతా రక్తంలోనే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. కానీ మొదటి కొద్ది వారాల్లో దాని దెబ్బ అన్నిటికంటే గట్టిగా తగిలేది పేగు గోడకు. రక్త పరీక్షలో సీడీ4 సంఖ్య ఇంకా ఫరవాలేదనిపించే రోజుల్లోనే, పేగులో ఆ కణాలు చాలావరకు పోయి ఉంటాయి.

ఈ సంగతి శాస్త్రవేత్తలకు పాతికేళ్లకు పైగా తెలుసు. రోగులకు, వారి కుటుంబాలకు మాత్రం పెద్దగా చేరలేదు. అది అందరికీ చేరాల్సిందే కానీ, అండమాన్ నికోబార్ దీవుల్లో దాని అవసరం మరింత ఎక్కువ. అక్కడ రకరకాల జ్వరాలు ఒకదానిలా మరొకటి కనిపిస్తాయి. విరేచనాల వ్యాధులకు, హెపటైటిస్ బి వైరస్‌కు సుదీర్ఘ చరిత్ర ఉంది. మందు అందాలంటే ఒక్కోసారి సముద్రం దాటాలి. ఇవి మూడూ పేగు కథతో ముడిపడినవే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్లి స్థిరపడినవారు, పనుల కోసం వచ్చిపోయేవారు అందులో ఎందరో ఉన్నారు. కాబట్టి ఇది మనవాళ్ల సంగతి కూడా.

పేగు గోడలో ఏముంది?

చిన్నపేగు పొడవు ఆరేడు మీటర్లు. లోపలి మడతలు, వేళ్లలాంటి సన్నని మొలకలు అన్నీ పరిచి కొలిస్తే జీర్ణనాళం వైశాల్యం 30 చదరపు మీటర్ల దాకా వస్తుందని అంచనా. ఇంత పెద్ద ఉపరితలాన్ని కప్పి ఉంచేది ఒకే ఒక్క వరస కణాలు. వాటికి ఒక పక్క మనం తిన్న అన్నం, లక్షల కోట్ల బ్యాక్టీరియా. రెండో పక్క రక్తనాళాలు. ఆ కణాలు పోషకాలను లోపలికి రానివ్వాలి, సూక్ష్మజీవులను రానివ్వకూడదు.

ఒక్క వరస కణాలతో ఇది సాధ్యం కాదు. అందుకే ఆ పొర కింద శరీరంలోకెల్లా పెద్ద కాపలా దళం మకాం వేసి ఉంటుంది. శరీరంలోని మొత్తం లింఫోసైట్లలో ఏ క్షణంలోనైనా రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. మిగతావి లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడలో, ఇతర కణజాలాల్లో ఉంటాయి. వాటిలో పేగుది చాలా పెద్ద వాటా. రక్తంలో చూసే సీడీ4 లెక్క అంటే, ఊళ్లో ఉన్న పోలీసులందరినీ వదిలేసి రోడ్డు మీద కనిపించిన నలుగురిని లెక్కపెట్టడం లాంటిది. లెక్క తప్పు కాదు, కానీ పూర్తి చిత్రం అందులో దొరకదు.

పేగులోని సీడీ4 కణాల్లో టీహెచ్17 అనే రకం ఉంది. ఇవి ఐఎల్-17, ఐఎల్-22 అనే సంకేత రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ సంకేతాలు అందినప్పుడే పైపొర కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి, దెబ్బతిన్నచోట కొత్తవి పుట్టుకొస్తాయి, బ్యాక్టీరియాను చంపే పదార్థాలు ఊరుతాయి. అంటే ఇవి కాపలా కాయడంతో పాటు గోడకు మరమ్మతు చేయించే మేస్త్రీలు కూడా.

వైరస్‌కు పేగే ఎందుకు అనుకూలం?

హెచ్‌ఐవీ ఒక కణంలోకి వెళ్లాలంటే దాని మీద రెండు కొక్కేలు కావాలి. ఒకటి సీడీ4. రెండోది చాలా సందర్భాల్లో సీసీఆర్5 అనే ప్రొటీన్. రక్తంలో తిరిగే సీడీ4 కణాల్లో చాలావాటికి ఇంకా ఏ శత్రువూ ఎదురుపడి ఉండదు. అవి విశ్రాంతిలో ఉంటాయి, వాటి మీద సీసీఆర్5 తక్కువ. పేగులోని కణాల పరిస్థితి వేరు. రోజూ ఆహారంతో, సూక్ష్మజీవులతో వ్యవహరించి అవి ఎప్పుడూ చురుగ్గా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మీద సీసీఆర్5 ఉంటుంది. వైరస్‌కు కావలసినవి రెండూ ఒకేచోట, గుంపుగా దొరుకుతాయి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. వైరస్ ఏ దారిన వచ్చినా, లైంగిక సంబంధం వల్లనైనా, సూది వల్లనైనా, తల్లి నుంచి బిడ్డకైనా, చివరికి ఎక్కువగా పెరిగే చోటు పేగు గోడ, లింఫ్ కణజాలమే. తిండి వల్లో, నీళ్ల వల్లో, కలిసి భోజనం చేయడం వల్లో హెచ్‌ఐవీ రాదు. పేగు దెబ్బతింటుంది అంటే పేగు ద్వారా సోకుతుందని అర్థం కాదు.

మొదటి వారాల్లో జరిగేది

1980లలోనే వైద్యులకు ఒక అనుమానం ఉండేది. ఎయిడ్స్ రోగుల్లో విరేచనాలు, బరువు తగ్గడం ఎక్కువ. ఏ క్రిమీ దొరకనివారిలోనూ పేగు పొర దెబ్బతిని కనిపించేది. ఉగాండాలో 1985 నాటికి ఈ జబ్బును జనం ‘స్లిమ్’ అని పిలిచేవారు, మనిషి అంతగా చిక్కిపోయేవాడు కనుక. అయితే అదంతా జబ్బు ముదిరాక వచ్చే పర్యవసానం అనుకున్నారు.

ఆ అభిప్రాయాన్ని మార్చింది 1998లో వెలువడిన ఒక పరిశోధన. హెచ్‌ఐవీకి దగ్గరి బంధువైన ఎస్‌ఐవీ సోకిన మకాక్ కోతుల పేగులను రోనాల్డ్ వీజీ బృందం పరిశీలించింది. రక్తంలో, లింఫ్ గ్రంథుల్లో పెద్ద మార్పు కనిపించకముందే, కొద్ది రోజుల్లోనే పేగులోని సీడీ4 కణాలు భారీగా పడిపోయాయి. 2004లో అమెరికాలో రెండు బృందాలు మనుషుల పేగు నమూనాలు పరీక్షించి అదే విషయం చెప్పాయి. 2005లో జోసెఫ్ మట్టపల్లిల్ తదితరులు కోతుల్లో లెక్కలు తీశారు. వైరస్ సోకిన 10వ రోజుకల్లా శరీరమంతటా ఉన్న మెమరీ సీడీ4 కణాల్లో 30 నుంచి 60 శాతం దాని బారిన పడ్డాయి. ఆ తర్వాతి నాలుగు రోజుల్లోనే వాటిలో చాలావరకు నాశనమయ్యాయి.

వైరస్ నేరుగా చొరబడిన కణాలే కాదు, పక్కనున్నవీ చనిపోతాయి. వైరస్ సగం దూరం వెళ్లి ఆగిపోయిన కణాలు తమలోని ఆ వైరస్ ముక్కలను పసిగట్టి, మంట పుట్టిస్తూ తమను తాము చంపుకుంటాయని 2014లో వార్నర్ గ్రీన్ బృందం టాన్సిల్ కణజాలం మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. ఆ మంటకు కొత్త సీడీ4 కణాలు పరుగెత్తుకొస్తాయి. వచ్చినవి మళ్లీ వైరస్‌కు చిక్కుతాయి.

గోడ వదులయ్యాక

టీహెచ్17 కణాలు తగ్గితే మరమ్మతు ఆగిపోతుంది. పైపొర కణాల మధ్య బిగి సడలుతుంది. పేగులోని బ్యాక్టీరియా, వాటి గోడల తునకలు లోపలికి జారుతాయి. 2006లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన జేసన్ బ్రెంచ్‌లీ, డేనియల్ డూయెక్ బృందం హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంలో ఇలాంటి బ్యాక్టీరియా తునకలు ఎక్కువగా ఉన్నట్టు కనిపెట్టింది. అవి ఎంత ఎక్కువుంటే రోగనిరోధక వ్యవస్థ అంత ఉద్రేకంగా ఉన్నట్టు కూడా తేలింది.

2004 సునామీ తర్వాత దక్షిణ అండమాన్‌లో జరిగినదాన్ని గుర్తు చేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. అప్పటి భూకంపంలో నేల కుంగింది, మడ అడవులు చాలాచోట్ల చనిపోయాయి. సునామీ ఒక్కరోజుతో పోయింది. కానీ ఆ తర్వాత రోజువారీ ఆటుపోట్లకే ఉప్పునీరు పొలాల్లోకి రావడం మొదలైంది. ఎన్నో వరి పొలాలు శాశ్వతంగా పోయాయి. పేగులోనూ అంతే. తొలి వారాల విధ్వంసం ఒక ఎత్తు, ఆ తర్వాత ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెంగా లోపలికి వచ్చేది ఇంకో ఎత్తు.

ఆ తునకలు వచ్చిన ప్రతిసారీ శరీరం దాడి జరిగిందనుకుని స్పందిస్తుంది. ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే కణాలు త్వరగా అలసిపోతాయి. ఆ ఉద్రేకంలో పుట్టే కొత్త సీడీ4 కణాలు వైరస్‌కు మళ్లీ మేతవుతాయి. దీర్ఘకాలం సాగే ఈ లోపలి మంటకు, హెచ్‌ఐవీ ఉన్నవారిలో గుండె జబ్బుల ముప్పు ఎక్కువగా ఉండటానికి సంబంధం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ మంట ఎంత కీలకమో పశ్చిమ ఆఫ్రికాకు చెందిన సూటీ మాంగబీ కోతులు చెబుతాయి. వాటిలో ఎస్‌ఐవీ సహజంగానే ఉంటుంది, వైరస్ సంఖ్యా ఎక్కువే. మొదట్లో పేగులో సీడీ4 కణాలు వాటికీ తగ్గుతాయి. అయినా వాటిలో ఎక్కువ భాగం ఎయిడ్స్ రాకుండానే బతుకుతాయి. వాటి టీహెచ్17 కణాలు నిలిచే ఉంటాయి, పేగు గోడ కారదు, దీర్ఘకాలపు ఉద్రేకం ఉండదు. అంటే సీడీ4 కణాలు ఎన్ని పోయాయన్నదొక్కటే జబ్బును నిర్ణయించదు. ఆ తర్వాత గోడ నిలిచిందా లేదా అన్నదీ అంతే ముఖ్యం.

దీవుల్లో మామూలు క్రిములే ముప్పు

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, భారత వైద్య పరిశోధన మండలికి 1983 నుంచి ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది. దీవుల్లో విరేచనాల వ్యాధుల మీద అది చాలా పని చేసింది. 2002లో నన్‌కౌరీ దీవుల నికోబారీల్లో వ్యాపించిన కలరాను నమోదు చేసింది. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియా ఏటేటా మరిన్ని యాంటీబయాటిక్‌లకు లొంగకుండా పోతోందని 2012లో ప్రచురించిన అధ్యయనంలో హెచ్చరించింది.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇవి కొద్ది రోజుల బాధ. కాపలా పోయిన పేగుకు అలా కాదు. దీనికి 2008లో వచ్చిన ఒక ప్రయోగం మంచి ఉదాహరణ. సాల్మొనెల్లా బ్యాక్టీరియా మామూలుగా పేగులోనే ఆగిపోతుంది. ఎస్‌ఐవీ వల్ల ఐఎల్-17 ప్రతిస్పందన దెబ్బతిన్న కోతుల్లో అది పేగు దాటి లింఫ్ గ్రంథుల్లోకి పాకింది. హెచ్‌ఐవీ ముదిరిన రోగుల్లో సాల్మొనెల్లా రక్తంలోకి ఎందుకు చేరుతుందో దీనివల్ల తెలిసింది. ఆరోగ్యవంతుల్లో వచ్చి దానంతటదే పోయే క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు ఈ రోగుల్లో నెలల తరబడి విరేచనాలు పెట్టడానికీ కారణం ఇలాంటిదే. కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లు, చేతుల శుభ్రత హెచ్‌ఐవీ ఉన్నవారికి చికిత్సలో భాగమే.

కాలేయం అనే రెండో గేటు

పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికి వెళుతుంది. పేగు గోడ దాటి వచ్చిన బ్యాక్టీరియా తునకలను అక్కడి కుప్ఫర్ కణాలు ఏరి పారేస్తాయి. పేగు మొదటి గేటయితే కాలేయం రెండోది.

నికోబార్ దీవులకు ఇది ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. నికోబారీల్లో దాదాపు 23 శాతం మందిలో హెపటైటిస్ బి వైరస్ గుర్తులు ఉన్నట్టు పోర్ట్ బ్లెయిర్ కేంద్రం పరిశోధకులు 2000 ప్రాంతంలో నమోదు చేశారు. 8 శాతం దాటితేనే చాలా ఎక్కువగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. టీకాలు వచ్చాక పుట్టిన పిల్లలకు రక్షణ ఉంది కానీ, పెద్దల్లో అప్పటికే సోకిన వైరస్ టీకాతో పోదు. హెపటైటిస్ బితో కాలేయం దెబ్బతిన్న మనిషికి హెచ్‌ఐవీ కూడా సోకితే రెండు గేట్లూ బలహీనమవుతాయి. పేగు నుంచి వచ్చే తునకలు కాలేయంలో మంటను పెంచుతాయి, దెబ్బతిన్న కాలేయం వాటిని సరిగా ఏరలేకపోతుంది.

ఇందులో ఒక ఊరట ఉంది. దేశంలో ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న హెచ్‌ఐవీ మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యూటెగ్రావిర్ అనే మూడు మందులు ఉంటాయి. మొదటి రెండూ హెపటైటిస్ బి మీదా పనిచేస్తాయి. ఇందులోనే ఒక హెచ్చరికా ఉంది. రెండు వైరస్‌లూ ఉన్న వ్యక్తి ఆ మాత్ర హఠాత్తుగా మానేస్తే హెపటైటిస్ ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే హెచ్‌ఐవీ తేలిన ప్రతి ఒక్కరూ హెపటైటిస్ బి పరీక్ష కూడా చేయించుకోవాలి.

మామూలు జ్వరమే అనుకుంటే

హెచ్‌ఐవీ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి నొప్పులు, దద్దుర్లు, కొందరికి విరేచనాలు వస్తాయి. పేగులో విధ్వంసం జరుగుతున్నది సరిగ్గా ఈ రోజుల్లోనే. వారం పది రోజుల్లో జ్వరం తగ్గిపోతుంది, మనిషి మర్చిపోతాడు.

అండమాన్‌లో ఇలాంటి జ్వరాన్ని గుర్తుపట్టడం ఇంకా కష్టం. మలేరియా, డెంగీ, లెప్టోస్పైరోసిస్ అన్నీ అక్కడ ఉన్నవే. 1980ల చివర్లో కనిపించిన ఒక వింత జ్వరాన్ని ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని తేలడానికి కొన్నేళ్లు పట్టింది. ఇన్ని జ్వరాల మధ్య హెచ్‌ఐవీ తొలి జ్వరం ఎవరికీ తట్టదు. దానికి తోడు, యాంటీబాడీలను వెతికే పరీక్షల్లో మొదటి వారాల్లో ‘లేదు’ అని రావచ్చు. అందుకే ముప్పున్న సంఘటన జరిగినవారు ఒకసారి పరీక్షతో ఆగకుండా మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. సంఘటన జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే, వైరస్ నిలదొక్కుకోకుండా ఆపే మందుల కోర్సు ఉంది. దాని కోసం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మందులు ఎంతవరకు బాగుచేస్తాయి?

అండమాన్ సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న థాయ్‌లాండ్‌లో 2009 నుంచి ఒక ముఖ్యమైన అధ్యయనం జరుగుతోంది. వైరస్ సోకిన మొదటి రోజుల్లోనే మనుషులను గుర్తించి, వెంటనే మందులు మొదలుపెట్టడం దాని పద్ధతి. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, అతి తొలి దశలో దొరికినవారి పేగులో టీహెచ్17 కణాల సంఖ్య, పనితనం నిలిచే ఉన్నాయి. కొంచెం ఆలస్యంగా దొరికినవారిలో అప్పటికే తగ్గుదల మొదలైంది. వెంటనే చికిత్స అందినందువల్ల ఆ కణాల సంఖ్య కోలుకుంది కానీ, పనితనం పూర్తిగా తిరిగి రాలేదు.

ఏళ్ల తర్వాత మందులు మొదలుపెట్టేవారిలో మాత్రం రక్తంలో సీడీ4 లెక్క పెరిగినంత వేగంగా పేగు కోలుకోదు. కొందరిలో పూర్తిగా కోలుకోకపోవచ్చు. పైగా మందులు వాడుతున్నా వైరస్ నిద్రావస్థలో దాక్కునే ప్రధాన స్థావరాల్లో పేగు ఒకటి. మందు ఆపితే అది మళ్లీ లేస్తుంది.

పేగును ప్రత్యేకంగా కాపాడే మందుల కోసం వెతుకులాట సాగుతోంది. సిద్దప్ప బైరారెడ్డి తదితరులు 2016లో ప్రచురించిన పరిశోధన పెద్ద ఆశ రేపింది. సీడీ4 కణాలు పేగుకు చేరడానికి వాడుకునే ఆల్ఫా4బీటా7 అనే ప్రొటీన్‌కు అడ్డుపడితే, మందులు ఆపాక కూడా కోతుల్లో వైరస్ అదుపులో ఉందని అందులో చెప్పారు. 2019లో ఇతర బృందాలు చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. పెరుగు, మజ్జిగ తింటే మంచిదే. ప్రోబయాటిక్ పొడులు, ‘పేగు శుద్ధి’ మందులు హెచ్‌ఐవీ చేసిన నష్టాన్ని సరిచేస్తాయనడానికి మాత్రం ఇప్పటివరకు గట్టి రుజువు లేదు. వాటి కోసం అసలు మాత్ర మానేయడం ప్రమాదకరం.

ప్రస్తుతానికి పేగును కాపాడే మార్గాలు రెండే. త్వరగా మొదలుపెట్టడం, ఆపకపోవడం. ఈ రెంటికీ పెద్ద రుజువులు ఉన్నాయి. 35 దేశాల్లో 4,685 మందిపై జరిగి 2015లో ఫలితాలిచ్చిన స్టార్ట్ అధ్యయనంలో, సీడీ4 లెక్క 500 పైన ఉండగానే మందులు మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బులు, మరణాల ముప్పు 57 శాతం తగ్గింది. అంతకుముందు, 2006లో స్మార్ట్ అధ్యయనం 5,472 మందిపై మరో ప్రశ్న వేసింది. సీడీ4 లెక్క బాగున్నప్పుడు మందులకు విరామం ఇస్తే ఏమవుతుంది? విరామం ఇచ్చినవారిలో మరణాలు పెరిగాయి, ఎయిడ్స్‌తో నేరుగా సంబంధం లేని గుండె, కాలేయ, మూత్రపిండాల జబ్బులూ పెరిగాయి. మందు ఆగితే లోపలి మంట తిరిగి రాజుకుంటుందని అర్థం.

దేశం నేర్చుకున్నది, దీవులకు కావలసింది

మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ఉచిత మందులు మొదలైనప్పుడు సీడీ4 లెక్క 200కు పడిపోయేదాకా చాలామంది ఆగాల్సి వచ్చేది. ఆ పరిమితి దశలవారీగా పెరిగి, 2017లో పూర్తిగా పోయింది. ఇప్పుడు హెచ్‌ఐవీ తేలిన ప్రతి ఒక్కరికీ లెక్కతో పని లేకుండా మందులివ్వాలి. 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వయోజనుల్లో జాతీయ సగటు 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. ఈ మందుల తయారీలో ప్రపంచంలోనే ముందున్న కంపెనీల్లో హైదరాబాద్‌వి ఉన్నాయి. మూడు మందుల మాత్రను పేద దేశాలకు మనిషికి ఏడాదికి 75 డాలర్లకు ఇచ్చేందుకు 2017లో కుదిరిన ఒప్పందంలో అరబిందో ఫార్మా ఒక భాగస్వామి.

మందు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. దీవుల్లో ఎదురయ్యే ప్రశ్న అది సమయానికి చేతికి అందుతుందా అన్నదే. ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న భూభాగం అది. కార్ నికోబార్ నుంచి రాజధానికే 270 కిలోమీటర్ల దూరం. వర్షాకాలంలో సముద్రం పోటెత్తితే ఓడలు ఆగుతాయి. వేటకు వెళ్లిన మత్స్యకారుడికి, విశాఖకో చెన్నైకో ప్రయాణమైన కూలీకి మందులు నిండుకునే తేదీకి, ఓడ వచ్చే తేదీకి పొంతన కుదరకపోవచ్చు. నిలకడగా ఉన్నవారికి ఒకేసారి మూడు నుంచి ఆరు నెలల మందులివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వెసులుబాటు దీవులకు ఎక్కడికంటే ఎక్కువ అవసరం. ప్రయాణమయ్యేవారు ముందే కేంద్రంలో చెప్పి అదనపు మందులో, వెళ్లే ఊరి కేంద్రానికి చీటీయో తీసుకోవాలి.

గుట్టు బయటపడుతుందన్న భయం సముద్రం కంటే పెద్ద అడ్డంకి. చిన్న దీవిలో అందరికీ అందరూ తెలుసు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఎవరి వివరాలనూ వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు. 1097 నంబర్‌కు ఫోన్ చేస్తే ఉచితంగా సమాచారం చెబుతారు.

చికిత్స తీసుకుంటున్నవారికి చివరిగా ఒక్క మాట. రక్తంలో సీడీ4 లెక్క బాగుందని, వైరల్ లోడ్ కనిపించడం లేదని డాక్టర్ చెప్పడం నిజంగా మంచి వార్తే. వైరస్ అలా అదుపులో ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా మరొకరికి అది అంటదు కూడా. కానీ ఆ కాగితం మీద పేగు గోడ పరిస్థితి రాసి ఉండదు. అక్కడ మరమ్మతు ఇంకా నడుస్తూనే ఉంటుంది, రోజూ వేసుకునే మాత్రే ఆ పనిని సాగనిస్తుంది. ఒళ్లు బాగున్న రోజున కూడా మాత్ర మానకూడదని చెప్పేది అందుకే.